కైరోప్రాక్టర్ దగ్గర మొదటి రోజు: మీకు ఏం చేస్తారు, అమ్మకు ఏం చేయనివ్వకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీకు ముప్ఫై నాలుగేళ్ళు. సొంతూరు కనిగిరి దగ్గర పల్లె, ఉద్యోగం చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో. మూడు నెలలు దాటినా నడుం నొప్పి తగ్గలేదు, అప్పుడప్పుడు కుడి పిర్రలో మొదలై పిక్క దాకా లాగుతోంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ అని, అంటే నడుం నాలుగో, ఐదో పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ కాస్త ఉబ్బిందని రాశారు. వచ్చే వారం చెన్నైలో ఒక కైరోప్రాక్టర్ (చేతులతో వెన్నుపూసలను సవరించే వైద్యం చేసేవాళ్ళు) దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. వీడియోల్లో మెడలు టక్కున తిప్పేయడం చూసి టెన్షన్ పడుతున్నారు. చివర్లో ఇంకో వాక్యం రాశారు: ఎలాగూ కారు మాట్లాడుకుని వెళ్తున్నాం కాబట్టి, నడుం వంగక ఇబ్బంది పడుతున్న అరవై రెండేళ్ళ అమ్మకు కూడా అక్కడే చేయించేస్తే ఒక పని అయిపోతుంది కదా అని.

ఆ చివరి వాక్యం చూశాకే ఇంత పెద్ద సమాధానం రాయాలనిపించింది. నేను ఫిజియోథెరపిస్టుని. ఒంగోలులో క్లినిక్ ఉంది. అంతకుముందు చెన్నైలో ఒక కైరోప్రాక్టర్ పక్కన కొన్నేళ్ళు పనిచేశాను, మొదటిసారి వచ్చినవాళ్ళకు ఏం జరుగుతుందో దగ్గరుండి చూసినవాణ్ణి. ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు వెళ్ళొచ్చు, భయపడాల్సింది పెద్దగా లేదు. అమ్మకు మాత్రం ఇక్కడ ఒంగోలులో ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరు చూసి సరేననే దాకా ఎవరినీ వెన్ను మీద చేయి వేయనివ్వకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

మన వైపు నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకోవడం ఉంది. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరిగెత్తడం ఉంది. సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ విరిపించుకోవడం సరేసరి. అందుకే చాలామంది కైరోప్రాక్టిక్ అంటే ఇదే పని ఏసీ గదిలో చేస్తారనుకుంటారు. మంచి కైరోప్రాక్టర్ దగ్గర తేడా ఎక్కడ కనిపించాలంటే, మీ ఒంటి మీద చేయి వేయడానికి ముందు ఎంతసేపు అడిగాడు, ఎంతసేపు పరీక్షించాడు అన్న దగ్గర. మొదటి అపాయింట్‌మెంట్‌లో సగానికి పైగా సమయం దానికే పోవాలి. పోకపోతే అది మీకు తగిన చోటు కాదు.

ఈ పద్ధతి 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో మొదలైంది. డానియెల్ డేవిడ్ పామర్ అనే ఆయన, చెవులు సరిగా వినిపించని హార్వీ లిల్లార్డ్ అనే మనిషి వెన్ను సవరిస్తే వినికిడి వచ్చిందని చెప్పాడు. ఆ తర్వాత రోగాలన్నిటికీ మూలం వెన్నులోనే ఉందని సిద్ధాంతం కట్టాడు. ఆ సిద్ధాంతాన్ని ఇవాళ్టి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. పాత కథ ఎందుకంటే, ఇప్పటికీ కొందరు అదే మాట పట్టుకుని బీపీకీ, షుగరుకీ, పిల్లల చెవిపోటుకీ వెన్ను సవరిస్తే చాలంటారు. షుగర్ మాత్రలు ఆపేయొచ్చు అన్న మాట గనక వినపడితే చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి.

నడుం నొప్పి సంగతి వేరు. అక్కడ ఈ చేతి వైద్యానికి కొంత ఆధారం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2017లో ఇచ్చిన సూచనల్లో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగ్గవాటిలో కాపడం, మసాజ్‌లతో పాటు వెన్ను సవరించడాన్ని కూడా చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పి గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోనూ వ్యాయామం, నొప్పి గురించి రోగికి వివరించి చెప్పడం, మసాజ్ లాంటివాటితో పాటు ఇదీ ఉంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం) వద్దన్న జాబితాలో ఉన్నాయి. మీరు రోజంతా బెల్టు కట్టుకుని తిరుగుతున్నానన్నారు కాబట్టి ఇది చెప్తున్నాను, నెమ్మదిగా మానేయండి. అయితే ఒక మెలిక ఉంది. ఈ సూచనలన్నీ లోపల వేరే జబ్బేమీ లేదని తేలిన నడుం నొప్పికే. ఆ తేల్చడమే మొదటి రోజు పని.

మరి ఎవరు తేల్చాలి? మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు మెడికల్ కౌన్సిల్ లాంటి ప్రత్యేక కౌన్సిల్ లేదు. బోర్డు రాసుకుని కూర్చున్నాయనకు ఆ చదువు ఉందో లేదో మనమే కనుక్కోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ విద్యకు ఎంత శిక్షణ ఉండాలో రాసింది: పూర్తి స్థాయి కోర్సుకు నాలుగేళ్ళు, కనీసం 4,200 గంటలు, అందులో వెయ్యి గంటలకు తగ్గకుండా గురువుల పర్యవేక్షణలో రోగులను చూడటం. శని ఆదివారాల్లో వర్క్‌షాప్ చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించినవాళ్ళు కూడా వీడియోల్లో అదే చప్పుడు చేసి చూపిస్తారు, కెమెరాలో తేడా తెలియదు. అపాయింట్‌మెంట్ ఖాయం చేసే ముందు ఫోన్లో అడగండి: "సార్ ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళ కోర్సు?" ఫిజియోథెరపీ డిగ్రీ చేసి ఆ తర్వాత చేతి వైద్యంలో శిక్షణ తీసుకున్నవాళ్ళయితే అదీ మంచిదే. చదువు గురించి అడిగితే చిరాకుపడే చోటికి అంత దూరం వెళ్ళనక్కర్లేదు.

ఇక వెళ్ళిన రోజు. మామూలుగా నలభై ఐదు నిమిషాల నుంచి గంట పడుతుంది. ముందు ఒక ఫారం నింపమని ఇస్తారు, తర్వాత దాన్ని ముందు పెట్టుకుని మీతో మాట్లాడతారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తే పెరుగుతుంది, ఏ భంగిమలో హాయిగా ఉంటుంది అని అడుగుతారు. మీ పని గురించి కూడా చెప్పండి. రాయి పలకలను పక్కకు జరిపేటప్పుడు నడుం తిప్పుతూ ఎత్తుతారా, రోజూ క్వారీ రోడ్ల మీద ఎన్ని కిలోమీటర్లు బైకు నడుపుతారు, ఇవన్నీ అవసరమే.

ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు నడుముకు సంబంధం లేనివిగా అనిపిస్తాయి. మనవాళ్ళు చాలామంది "అదేం లేదండీ" అని దాటేస్తారు. దయచేసి అలా దాటేయకండి. రాత్రి పడుకున్నా, ఏ పక్కకు తిరిగినా నొప్పి తగ్గకుండా నిద్ర లేపుతోందా? సాయంత్రం పూట జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం ఉన్నాయా? ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా? మన దేశంలో వెన్నుపూసకు టీబీ పట్టడం అంత అరుదేమీ కాదు. అది మొదట్లో మామూలు నడుం నొప్పిలాగే ఉంటుంది. పుచ్చిన పూసను సవరించబోతే అది కూలి వెన్నుపాము నలిగిపోవచ్చు. గతంలో క్యాన్సర్ వచ్చిందా, ఆస్తమాకో కీళ్ళకో చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడారా, గుండెకు స్టెంట్ వేసి రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా అనీ అడగాలి. ఆయుర్వేదం అని చెప్పి పొట్లాలు ఇచ్చే చోట మందు వాడి ఉంటే అదీ చెప్పండి, అలాంటి కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుం బిగుసుకుపోయి, తిరిగేకొద్దీ వదులవుతుంటే అది మీ వయసువాళ్ళకు వచ్చే ఒక రకం కీళ్ళవాతం కావచ్చు. దానికి చూపించుకోవాల్సింది వాతరోగాల డాక్టరుకు.

ఇంకో ప్రశ్న అడగడానికి వాళ్ళూ మొహమాటపడతారు, చెప్పడానికి మనమూ మొహమాటపడతాం. మూత్రం ఆగిపోయినట్టుందా, లేక తెలియకుండా పోతోందా? విరేచనం మీద అదుపు తప్పిందా? తొడల మధ్య, కూర్చుంటే సీటుకు తగిలే చోట మొద్దుబారిందా? రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడుతున్నాయా? వీటిలో ఏది ఉన్నా చెన్నై ప్రయాణం, కైరోప్రాక్టర్, నేను, అందరం పక్కకు. ఆ రాత్రికే ఒంగోలు రిమ్స్‌కో నెల్లూరు పెద్దాసుపత్రికో ఎమర్జెన్సీకి వెళ్ళాలి. కింది నరాల కట్ట మొత్తం నలుగుతోందని దాని అర్థం. ఆపరేషన్ ఆలస్యమైతే మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు.

మాటలయ్యాక పరీక్ష. చొక్కా విప్పమంటారు, నిలబెట్టి వెనక నుంచి చూస్తారు, ముందుకు, వెనక్కి, పక్కలకు వంగమంటారు. వదులు ప్యాంటు వేసుకెళ్ళండి, జీన్స్ వద్దు. పడుకోబెట్టి మోకాలు మడవకుండా కాలు పైకి లేపుతారు. కొంత ఎత్తుకు రాగానే నడుం దగ్గర కాకుండా కాలంతా జివ్వున లాగితే నరం మీద ఒత్తిడి ఉందని అనుమానిస్తారు. చిన్న సుత్తితో మోకాలి మీద, మడమ వెనక కొడతారు. మడమల మీద, తర్వాత మునివేళ్ళ మీద నడవమంటారు. మీది ఎల్4-ఎల్5 కాబట్టి ఒకటి ప్రత్యేకంగా చూడాలి: కాలి బొటనవేలిని తన చేత్తో కిందికి నొక్కుతూ, మిమ్మల్ని పైకి లేపమనాలి. ఆ డిస్క్ నలిపే నరం బలం అక్కడే తెలుస్తుంది. పాదం పై భాగంలో స్పర్శ రెండు కాళ్ళకూ సమానంగా ఉందా అని కూడా చూడాలి. ఈ పరీక్షలేవీ చేయకుండా మీ ఎమ్మారై కాగితం చదివి, "పడుకోండి, సెట్ చేసేద్దాం" అంటే పడుకోకండి.

ఎమ్మారై కాగితం గురించి ఒక మాట. మీరు ఆ రిపోర్టు చూసి బాగా కుంగిపోయినట్టున్నారు. ఏ నొప్పీ లేని మనుషులకు స్కాన్ తీసినా బల్జ్‌లు కనిపిస్తాయి. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం నొప్పి లేని ఇరవై ఏళ్ళవాళ్ళలోనే నూటికి ముప్ఫై మందికి, నలభై ఏళ్ళవాళ్ళలో నూటికి యాభై మందికి డిస్క్ బల్జ్ ఉంది. తలలో వెంట్రుకలు నెరవడం లాంటిదే అది చాలామందిలో. మీ కాలి లాగుడుకు అదే కారణమా కాదా అన్నది కాగితం చెప్పలేదు, పైన చెప్పిన పరీక్షే చెప్పాలి. అయినా రిపోర్టుతో పాటు ఫిల్ములు కూడా తీసుకెళ్ళండి. కొన్ని చోట్ల వచ్చినవాళ్ళందరికీ ఎక్స్‌రే తీసి, వెన్ను వంపు మీద గీతలు గీసి, "చూశారా, ఎంత పక్కకు పోయిందో" అని భయపెడతారు. మీ వయసులో, ప్రమాదం ఏదీ జరగనప్పుడు, ఆ ఎక్స్‌రే చాలాసార్లు అనవసరం. అమ్మ విషయంలో ఇదే మాట తలకిందులవుతుంది.

పరీక్ష అయ్యాక మీకేం ఉందనుకుంటున్నారో, ఏం చేయబోతున్నారో, దాని వల్ల ఇబ్బందులేమిటో చెప్పి మీ ఒప్పుకోలు అడగాలి. కొందరు మొదటి రోజు పరీక్షతోనే ఆపి, రెండోసారి చికిత్స మొదలుపెడతారు. అంత దూరం వచ్చాం కదా అని బలవంతపెట్టకండి. చేస్తే మామూలుగా ఇలా ఉంటుంది: నొప్పి లేని పక్కకు తిప్పి పడుకోబెడతారు, పై కాలు మడిచి ముందుకు వేస్తారు, భుజాన్ని ఒక చేత్తో ఆపి, తుంటి దగ్గర ఇంకో చేయి వేసి, నెమ్మదిగా మెలి పెట్టి బిగువు వచ్చేదాకా తీసుకెళ్తారు. "ఊపిరి వదలండి" అంటారు. వదులుతుండగా చిన్నగా, వేగంగా ఒక తోపు. అంతే. టప్‌మని వినపడుతుంది, కొన్నిసార్లు వినపడదు కూడా.

ఆ చప్పుడు ఎముక చోటు తప్పి మళ్ళీ కూర్చున్న చప్పుడు కాదు. కీలు లోపల జిగురు నీరు ఉంటుంది. కీలు ఒక్కసారిగా కాస్త విడివడితే లోపల ఒత్తిడి పడిపోయి, ఆ నీళ్ళలో వాయువు బుడగలా ఏర్పడుతుంది. వేళ్ళు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. చప్పుడు రాకపోయినా పని జరగలేదని కాదు. బయటికి వచ్చిన డిస్కును లోపలికి తోసేశాం అని ఎవరైనా అంటే నమ్మకండి, చేత్తో అది జరిగే పని కాదు. కీళ్ళ బిగుతు, కండరాల పట్టు కాసేపు సడలుతాయి, నొప్పిని మెదడు లెక్కగట్టే తీరు కొంత మారుతుంది. ఆ వెసులుబాటు ఉన్నప్పుడు నడక, వ్యాయామం మొదలుపెట్టాలి. అందుకే వ్యాయామాలు నేర్పకుండా పంపించే కైరోప్రాక్టర్ సగం వైద్యమే చేసినట్టు.

తోపు వద్దనుకుంటే ఆ మాట చెప్పే హక్కు మీకుంది. నెమ్మదిగా కీలును కదిపే పద్ధతి ఉంది, కాస్త కిందికి జారే ముక్కలున్న బల్లతో చేసే పద్ధతి ఉంది, స్ప్రింగు పరికరంతో తట్టేదీ ఉంది. మెలి పెడుతున్నప్పుడే కాలిలోకి జివ్వుమని లాగుడు దిగితే వెంటనే "ఆపండి" అనండి. సహించాల్సిన నొప్పి కాదది. బొటనవేలు బలం తగ్గిందని తేలితే, లేదా రోజురోజుకూ తగ్గుతుంటే, తోపుల జోలికి వెళ్ళకుండా న్యూరో సర్జన్ అభిప్రాయం తీసుకోవాలి.

మెడ సంగతి. మీ సమస్య నడుం. మెడకు ఏమీ చేయించుకోవద్దు. "ఒకసారి ఫుల్ బాడీ చేసేద్దాం" అంటారు, వీడియోలు చూసి వచ్చినవాళ్ళు అదే కోరుకుంటారు కూడా. మెడ పూసల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు ఉంటాయి. మెడను వేగంగా తిప్పినప్పుడు, చాలా అరుదుగానే అయినా, ఆ ధమని లోపలి పొర చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2024లో బళ్ళారిలో సెలూన్‌లో తల మసాజ్ చేస్తూ మెడ తిప్పడంతో ఒకాయనకు స్ట్రోక్ వచ్చిందన్న వార్త మీరూ చదివే ఉంటారు. మెడకు పట్టీ వేసి తలను ఒక్కసారిగా లాగే పద్ధతి వీడియోల్లో బాగా తిరుగుతోంది, దాని దగ్గరికి కూడా పోకండి. ఎవరికైనా మెడ తిప్పించుకున్న తర్వాత కొత్తగా తలతిరుగుడు, చూపు రెండుగా కనపడటం, మాట తడబడటం, మింగలేకపోవడం, ఒక పక్క మొద్దుబారడం, ఎన్నడూ లేనంత మెడనొప్పి, తలనొప్పి వస్తే నిద్రపోతే తగ్గుతుందని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నడుముకు చేయించుకున్న రోజు, మర్నాడు, కొత్తగా పని చేసిన మర్నాడు ఉండేలాంటి ఒళ్ళునొప్పి ఉండొచ్చు. సగం మంది దాకా ఇలా చెప్తారు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కంగారుపడి ఇంజెక్షన్ వేయించుకోకండి. అసలు ఇబ్బంది తిరుగు ప్రయాణం. చెన్నై నుంచి ఒంగోలుకు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఆ దూరం కారులో ఏకబిగిన కూర్చుంటే, చేయించుకున్నదంతా నాయుడుపేట దాటేలోపే పోతుంది. నాయుడుపేటలో, నెల్లూరులో, కావలిలో ఆగి పది నిమిషాలు నడవండి. నన్నడిగితే కారుకన్నా పినాకినిలాంటి పగటి రైలు నయం, లేచి పెట్టెలో అటూ ఇటూ తిరగొచ్చు. మీరే డ్రైవ్ చేయడం మాత్రం వద్దు. మర్నాడు డ్యూటీకి వెళ్ళినా రాళ్ళు ఎత్తే పని ఒకటి రెండు రోజులు వేరేవాళ్ళకు అప్పగించండి. అలాగని మంచం మీద పడుకోవద్దు. నడుం నొప్పికి మంచం శత్రువు.

డబ్బు గురించి ఫోన్లోనే అడగండి: మొదటిసారికి ఎంత, తర్వాత ఒక్కో సిట్టింగుకు ఎంత. మొదటి రోజే ఇరవై, ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టమంటే ఒప్పుకోకండి. నాలుగైదు సార్లకు ఏదో ఒక మార్పు కనపడాలి: కాలి లాగుడు పిక్క నుంచి పైకి జరగడం, కూర్చోగలిగే సమయం పెరగడం, నిద్ర బాగుపడటం. ఏమీ మారకపోతే ఇంకో ఇరవై సార్లు చేసినా మారదు. ఇంకోటి, నెలనెలా చెన్నై తిరగడం అందరికీ కుదిరే పని కాదు. మొదటిసారి వెళ్ళినప్పుడే ఏం చేశారో, ఏ వ్యాయామాలు చెప్పారో రాసిమ్మని అడిగి తెచ్చుకుంటే, మిగతాది మీ దగ్గర్లో ఉన్న మంచి ఫిజియోథెరపిస్టు చూసుకుంటారు.

ఇప్పుడు అమ్మ సంగతి.

మీది కనిగిరి ప్రాంతం. అమ్మ పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది ఆ చుట్టుపక్కలే అన్నారు. అంటే జీవితమంతా ఫ్లోరైడ్ ఎక్కువున్న ఆ బోరు నీళ్ళే తాగారు. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతాయని మొట్టమొదట రాసింది ఎక్కడివాళ్ళ గురించో తెలుసా? మన గురించే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి రాశారు. ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు, అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. ఇన్నేళ్ళయినా ఆ పల్లెల నుంచి నడుం వంగని పెద్దవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. వాళ్ళను చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ళ తరబడి అంతకన్నా బాగా ఎక్కువ ఉన్న నీళ్ళు తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనపడుతుంది గానీ గట్టిదనం ఉండదు, పెళుసుగా ఉంటుంది. పూసలను కలిపి పట్టే పట్టీలు సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్ను మొత్తం ఒక్క కొయ్యలా అయిపోతుంది. వెన్నుపాము వెళ్ళే దారి ఇరుకవుతుంది. అలాంటి వెన్నుకు మెలి పెట్టి తోపు ఇస్తే కీలు విడివడదు. విడివడటానికి అక్కడ కదిలే కీలే మిగలదు. ఆ బలమంతా పెళుసు ఎముక మీద పడుతుంది, లేదా ఇప్పటికే ఇరుకులో ఉన్న వెన్నుపాము మీద పడుతుంది. ఎముక విరగొచ్చు, కాళ్ళు పడిపోవచ్చు. చెన్నైలో కూర్చున్న కైరోప్రాక్టర్ ఎంత చదువుకున్నవాడైనా, కనిగిరి నీళ్ళ సంగతి ఆయనకు తట్టకపోవచ్చు. ఫారంలో ఆ ప్రశ్న ఉండదు. మీరే చెప్పాలి.

ఇంట్లోనే మూడు పనులు చేయించి చూడండి. నేల మీద రూపాయి బిళ్ళ వేసి, మోకాళ్ళు మడవకుండా వంగి తీయగలరా? గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? రెండు చేతులూ పక్కలకు చాపి, మడిచి, తల వెనక పెట్టుకోగలరా? ఫ్లోరోసిస్ (ఈ ఫ్లోరైడ్ జబ్బు) సర్వేల్లో చేయించే పరీక్షలే ఇవి. అరవై దాటినవాళ్ళకు ఒకటి కష్టం కావడం వేరు. మూడూ కాకపోతే అనుమానం గట్టిదే. నడకలో కాళ్ళు బిర్రబిగిసినట్టు, తడబడుతున్నట్టు ఉంటే ఇంకా గట్టిది.

ఒంగోలు రిమ్స్‌లో గానీ మీకు తెలిసిన ఆర్థో డాక్టరు దగ్గర గానీ ఊరి పేరు, తాగిన నీళ్ళ సంగతి చెప్పి నడుం, తుంటి ఎక్స్‌రేలు, ముంజేతి ఎక్స్‌రే అడగండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టడం ఈ జబ్బుకు మంచి ఆనవాలు. క్యాల్షియం, డి విటమిన్, కిడ్నీ పరీక్షలు, కుదిరితే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష. ఫ్లోరైడ్ లేదని తేలినా, ఆ వయసు ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారడం మామూలే కాబట్టి తోపులతో చేసే వైద్యం ఆలోచించి చేయాల్సిందే. ఉందని తేలితే వెన్ను విరుపులు జీవితాంతం వద్దు. కాపడం, నీళ్ళలోనూ కుర్చీలోనూ చేసే తేలిక వ్యాయామాలు, పడిపోకుండా ఇంట్లో జాగ్రత్తలు, డాక్టరు చెప్పిన క్యాల్షియం, మంచి నీళ్ళు. వచ్చిన బిగుతు పూర్తిగా పోదు, కానీ ఇంకా ముదరకుండా చూసుకోవచ్చు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకూ పోదు. ఆర్వో నీళ్ళు తాగడానికే కాదు, వంటకూ వాడండి. అన్నం, పప్పు ఉడికేది ఆ నీళ్ళలోనే కదా.

మీరు కూడా చిన్నప్పుడు ఆ నీళ్ళే తాగారు. అద్దంలో పళ్ళు చూసుకోండి. గోధుమ రంగు గీతలు, మచ్చలు ఉంటే చెన్నైలో ఫారం నింపేటప్పుడు పైనే రాయండి: ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళో పెరిగాను అని. పైన మీకు ఎక్స్‌రే అనవసరం అన్నాను. పళ్ళ మీద గుర్తులుండి, వంగేటప్పుడు నడుం బిగుతుగా కూడా ఉంటే ఆ మాట వర్తించదు, ఇక్కడే ఒకటి తీయించుకుని వెళ్ళండి.

అమ్మను వచ్చే వారం చెన్నై తీసుకెళ్ళకండి, అంత దూరం కూర్చోబెట్టడమూ ఆమెకు కష్టమే. తర్వాత ఎప్పుడు ఏ చేతి వైద్యానికి తీసుకెళ్ళినా గదిలో మీ చెల్లెలో, మీ ఆవిడో పక్కన ఉండాలి. చీరతో ఇబ్బంది లేకుండా పరీక్ష ఎలా చేస్తారో, ఆడ అసిస్టెంటు ఉంటారో లేదో ముందే కనుక్కోండి. పెద్దవాళ్ళు డాక్టరు ముందు నొప్పిని తక్కువ చేసి చెప్తారు, పక్కన ఉన్నవాళ్ళే నోరు తెరవాలి.

ఎక్స్‌రే తీయించాక రిపోర్టులో ఏం రాశారో, పేరు చెరిపేసి, ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. నడక తడబడుతుంటే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా నేరుగా న్యూరో సర్జన్‌కు చూపించండి.